జాగ్రత్త: ఆన్‌లైన్‌లో అమ్మే ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ లైసెన్స్’ కొనకండి

విదేశాలకు టూర్ వెళ్ళి అక్కడ కారో స్కూటరో అద్దెకు తీసుకుని తిరగాలనుకునేవాళ్ళు, ఎవరికైనా డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ లైసెన్స్ అని వెతికితే పైన ప్రకటనల్లో కనిపించే ప్రైవేటు సైట్లకు ఏ ప్రభుత్వంతోనూ సంబంధం లేదు. అలాంటి ఒక సైట్లో మా బావమరిది కొన్న పుస్తకం జపాన్‌లో కారు తాళం తీసుకోవడానికి కూడా పనికిరాలేదు. పోయినేడు జూలైలో రెండు కుటుంబాలం జపాన్‌లోని హొక్కైడో వెళ్ళాం. కారు నడిపేది అతనొక్కడే అని ముందే అనుకున్నాం.

ఆ సైట్ చూస్తే ఎవరికీ అనుమానం రాదు. భూగోళం బొమ్మ, ఐక్యరాజ్యసమితి పేరు, 150కి పైగా దేశాల్లో చెల్లుతుందన్న మాట, కింద వందల కొద్దీ మెచ్చుకోళ్ళు. లైసెన్స్ ఫొటో, సెల్ఫీ, సంతకం అప్‌లోడ్ చేయమన్నారు. ఏడాదికి ఒక రేటు, రెండేళ్ళకు ఒకటి, మూడేళ్ళకు ఒకటి. మళ్ళీ మళ్ళీ తీసుకునే పని ఉండదని అతను మూడేళ్ళది తీసుకున్నాడు. కొరియర్‌తో కలిపి దాదాపు 6,000 రూపాయలు. వారంలో ఇంటికి బూడిదరంగు అట్ట ఉన్న పుస్తకం, దాంతో పాటు హోలోగ్రామ్ ఉన్న ప్లాస్టిక్ కార్డు వచ్చాయి. లోపల పది పన్నెండు భాషల్లో వివరాలు, ఫొటో, ముద్ర. మా ఇంట్లో అందరం తిప్పి తిప్పి చూశాం, బాగానే ఉందనుకున్నాం.

సప్పోరో దగ్గర న్యూ చిటోసే ఎయిర్‌పోర్ట్‌లో దిగి కారు కౌంటర్ దగ్గరికి వెళ్తే, అక్కడి అమ్మాయి పాస్‌పోర్ట్, ఇండియా లైసెన్స్, ఈ పుస్తకం మూడూ తీసుకుంది. డెస్క్ కింద నుంచి లామినేషన్ చేసిన ఒక షీట్ తీసి పక్కన పెట్టింది. దాని మీద దేశాలవారీగా అసలు పర్మిట్ల అట్టల ఫొటోలున్నాయి. పెన్ను మొనతో ఆ ఫొటోల మీద ఒక వరుస చూపించింది: 1949 సెప్టెంబర్ 19 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం అని. మా పుస్తకం అట్ట మీద అదే చోట చూపించింది. అక్కడ ఆ వరుస లేదు. ఇచ్చిన ప్రభుత్వం పేరూ లేదు, ఏదో ‘ఇంటర్నేషనల్’ సంఘం పేరుంది. మేనేజర్‌ని పిలిచింది. ఆయన కూడా అదే మాట చెప్పి, చాలాసేపు తల వంచి క్షమించమన్నాడు. కారు మాత్రం ఇవ్వలేదు.

వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. జపాన్‌లో లైసెన్స్ లేకుండా బండి నడిపితే 3 ఏళ్ళ వరకు జైలు లేదా 5 లక్షల యెన్‌ల వరకు జరిమానా. తెలిసి బండి ఇచ్చినవాళ్ళకూ శిక్ష ఉంది. అందుకే అక్కడ బతిమాలితే జరిగే పని కాదు. ఆ రోజుకు రద్దు చేసుకునే గడువు దాటిపోవడంతో ముందుగా కట్టిన అద్దెలో చాలా భాగం పోయింది. ఫురానో, బియే పూలతోటలు, తోయా సరస్సు అన్నీ కారు మీద వేసుకున్న ప్లాన్. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారిని, ఇద్దరు చిన్నపిల్లల్ని, ఐదు సూట్‌కేసుల్ని రైళ్ళూ బస్సులూ ఎక్కించి దించుతూ తిరిగాం. తోయా దగ్గర హోటల్ బుకింగ్ వదులుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మన లైసెన్స్‌కు తోడుగా విదేశాల్లో చూపించే కాగితాన్ని ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, పొట్టిగా ఐడీపీ అంటారు. మీ లైసెన్స్ ఏ దేశం ఇచ్చిందో ఆ దేశం అధికారమిచ్చిన సంస్థే దాన్ని ఇవ్వాలి, ఇంకెవరూ ఇవ్వలేరు. ఇండియా లైసెన్స్‌కు ఇండియాలో ఆర్టీఓ ఆఫీసు ఇస్తుంది. అమెరికా లైసెన్స్ ఉన్న మనవాళ్ళు అక్కడ ట్రిపుల్ ఏ (ఏఏఏ) అనే వాహనదారుల సంఘం దగ్గర 20 డాలర్లకు తీసుకోవచ్చు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా నకిలీ ఐడీపీలు అమ్మేవాళ్ళ గురించి జనాన్ని హెచ్చరిస్తూనే ఉంది. అంటే మోసపోతున్నది మనమే కాదు.

నకిలీని పట్టుకోవడానికి అన్నిటికంటే తేలిక గుర్తు గడువు. ఇండియా ఉన్నది 1949 జెనీవా ఒప్పందంలో, అంటే ఆ కౌంటర్‌లో చూపించిన దాంట్లోనే. ఆ ఒప్పందం కింద ఇచ్చే పర్మిట్ ఏడాదికి మించి చెల్లదు. మూడేళ్ళ దాకా చెల్లేవి 1968 వియన్నా ఒప్పందం కిందవి, అందులో ఇండియా లేదు. కాబట్టి ఇండియా లైసెన్స్‌కు రెండేళ్ళది, మూడేళ్ళది ఇస్తామన్న సైట్ ఏదైనా సరే అక్కడికక్కడే మూసేయండి. రెండో గుర్తు, ఆ సైట్ నిబంధనల పేజీ. మేం కొన్న సైట్లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘ఇది ప్రభుత్వ పత్రం కాదు, మీ లైసెన్స్‌కు అనువాదం మాత్రమే’ అని రాసి ఉంది. పైన పెద్ద అక్షరాల్లో లైసెన్స్ అని రాసి అమ్మినవాళ్ళే కింద ఆ మాట రాసుకున్నారు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి. ఇది తెలియక జరిగిన పొరపాటు కాదు, కావాలని చేసిన మోసం అని నేనంటున్నది అందుకే.

అసలుది తీసుకోవడం కష్టమేమీ కాదు, అందుకే ఇంకా బాధ. రవాణా శాఖ సైట్లో స్లాట్ తీసుకుని, ఫారం 4ఏ (ఐడీపీ దరఖాస్తు), చెల్లుబాటులో ఉన్న లైసెన్స్, పాస్‌పోర్ట్ కాపీలు, ఫొటోలతో వెళ్ళాలి. కేంద్రం నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, సర్వీస్ చార్జీలు వేరే. 2022 ఆగస్టులో దేశమంతటికీ ఒకే నమూనా పెట్టారు, ఇప్పుడు దాని మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది. బయట ఏజెంటు ‘మీరు రానక్కర్లేదు, నేను తెప్పిస్తా’ అంటే ఏది తెప్పిస్తాడో చూసుకోండి. టికెట్లు బుక్ చేసిన వారమే ఈ పని పెట్టుకోండి, ప్రయాణం ముందు రోజుల్లోకి నెట్టకండి. అక్కడ ఐడీపీ ఒక్కటే చూపిస్తే చాలదు. ఒరిజినల్ లైసెన్స్ కార్డు, పాస్‌పోర్ట్ కూడా చేతిలో ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే అక్కడ ఒప్పుకోరు.

అసలు ఐడీపీ ఉన్నా చెల్లని దేశాలున్నాయి. మన తెలుగువాళ్ళు ఇప్పుడు బాగా వెళ్తున్న వియత్నాం అందులో ఒకటి. ఆ దేశం 1968 ఒప్పందంలో ఉంది, దాని కింద ఇచ్చిన పర్మిట్లనే గుర్తిస్తుంది. మనది 1949ది కాబట్టి అక్కడి పోలీసుల లెక్కలో మీకు లైసెన్స్ లేనట్టే. హనోయ్‌లో, హా జాంగ్‌లో బైకు అద్దెకిచ్చే షాపులవాళ్ళు ‘ఏం పర్లేదు’ అని తాళం చేతిలో పెడతారు, పట్టుకున్నప్పుడు పక్కన ఉండరు. 2025 జనవరి నుంచి జరిమానాలు బాగా పెంచారు. లైసెన్స్ లేకుండా 125 సీసీ వరకు బండి నడిపితే 20 లక్షల నుంచి 40 లక్షల డాంగ్‌లు, అంతకు పైన అయితే 60 లక్షల నుంచి 80 లక్షలు. మన డబ్బులో చిన్న బండికే ఆరేడు వేల నుంచి పన్నెండు పదమూడు వేల దాకా అవుతుంది. బండి కూడా సీజ్ చేస్తారు. హా జాంగ్ కొండదారులు చూడాలంటే ‘ఈజీ రైడర్’ అని అక్కడి కుర్రాళ్ళు నడుపుతుంటే వెనక కూర్చుని వెళ్ళే పద్ధతి ఉంది. అందులో వెళ్ళండి. ఆ మలుపుల్లో మీరే నడపాలన్న పట్టుదల వద్దు.

థాయ్‌లాండ్‌లో మన ఐడీపీ చెల్లుతుంది, కానీ అక్కడ ఇంకో మెలిక ఉంది. పర్మిట్‌లో బండ్ల రకాలు ఏ, బీ, సీ అని ఉంటాయి. ‘ఏ’ మోటార్‌సైకిల్, ‘బీ’ కారు. మీ ఇండియా లైసెన్స్ కారుకే ఉంటే ‘ఏ’ దగ్గర ముద్ర పడదు, ఫుకెట్‌లో స్కూటర్ నడిపే హక్కు మీకు రాదు. పోలీసు జరిమానా ఇందులో చిన్న విషయం. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీల్లో ‘చెల్లుబాటయ్యే లైసెన్స్ లేకుండా నడిపితే వర్తించదు’ అన్న షరతు ఉంటుంది. పడి కాలు విరిగితే అక్కడి ప్రైవేటు ఆసుపత్రి బిల్లు మొత్తం మీ నెత్తిన పడుతుంది. మీరెవరినైనా గుద్దితే అది కూడా. ఇంకొక్క మాట, డిపాజిట్‌గా పాస్‌పోర్ట్ ఎక్కడా ఇవ్వకండి. బండికి గీత పడిందని, నొక్కు పడిందని చెప్పి, ఆ పాస్‌పోర్ట్ తమ దగ్గరే పెట్టుకుని డబ్బు లాగుతారు.

బ్రిటన్ వెళ్ళేవాళ్ళకు ఇంత తలనొప్పి లేదు, టూరిస్టుగా మన లైసెన్స్ మీదే 12 నెలల వరకు నడపవచ్చు. దుబాయ్‌లో విజిట్ వీసా మీద ఐడీపీతో అద్దె కారు ఇస్తారు. కానీ అక్కడ రెసిడెన్స్ వీసా వచ్చిన దగ్గర్నుంచి అది చెల్లదు, అక్కడి లైసెన్స్ తీసుకోవాల్సిందే. ఉద్యోగానికి వెళ్ళే తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అమెరికాలో రాష్ట్రానికో రూలు, ఏ రాష్ట్రంలో దిగుతున్నారో దాని రవాణా శాఖ సైట్లో చూసుకోండి.

డబ్బు సంగతి అడుగుతారని రాస్తున్నా. అమ్మినవాళ్ళు మొదట ఆ చిన్న అక్షరాల నిబంధనే చూపించి కుదరదన్నారు. బావమరిది క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వేశాడు. సైట్ ఇచ్చిన హామీ, కౌంటర్‌లో తిరస్కరించినట్టు అద్దె సంస్థ పంపిన మెయిల్, రెండూ జతచేశాడు. ఆ తర్వాత సైట్ వాళ్ళు దారికొచ్చి, వాళ్ళ గురించి మేం రాసిన రివ్యూ తీసేస్తే సగం తిరిగిస్తామన్నారు. తీయలేదు. బ్యాంకు ఆ పుస్తకం డబ్బు వెనక్కి వేసింది, కారు అద్దె, హోటల్ డబ్బు మాత్రం రాలేదు. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే ఆర్డర్ పేజీ, నిబంధనల పేజీ స్క్రీన్‌షాట్లు ఈరోజే తీసి పెట్టుకోండి, వాళ్ళు పేజీలు మారుస్తారు. బ్యాంకులో డిస్ప్యూట్‌తో పాటు సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పండి. మీ లైసెన్స్ కాపీ, సెల్ఫీ, సంతకం వాళ్ళ దగ్గరే ఉన్నాయన్న విషయం ఆ ఫిర్యాదులో తప్పకుండా రాయండి.