డి850 ఉండగా జెడ్8 కొనాలా?

రెండూ నికాన్ కెమెరాలే, రెండింటిదీ 45.7 మెగాపిక్సెల్ సెన్సరే. కాబట్టి ఫొటో నాణ్యత కోసమైతే మారక్కర్లేదు. అసలు తేడా ఫోకస్‌లో ఉంది. 2017 నాటి డి850లో 153 ఫోకస్ పాయింట్లూ (కెమెరా ఫోకస్ చేయగల చోట్లు) వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. మనిషి అంచుకు జరిగితే తిప్పలే. 2023లో వచ్చిన జెడ్8 ఒకసారి కంటిని పట్టుకుందంటే ఫ్రేమ్ చివరిదాకా వెంటే వెళ్తుంది. దీనికి మెకానికల్ షట్టరే (తెరుచుకుని మూసుకునే తెర) లేదు. స్పీకర్‌లో వినిపించే క్లిక్ సౌండ్ ఆపేస్తే అస్సలు చప్పుడుండదు. మొదట్లో ఫొటో పడిందో లేదో తెలియక రెండేసిసార్లు నొక్కేవాణ్ణి!

బ్యాటరీలో మాత్రం పాతదే రాజు: ప్రామాణిక పరీక్షలో ఒక్క చార్జింగ్‌తో 1,840 ఫొటోలు. కొత్తది వ్యూఫైండర్‌తో 350 లోపే. డి850 లెన్సులు జెడ్8 మీద ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించే రింగు)తో పనిచేస్తాయి గానీ, సొంత ఫోకస్ మోటారు లేని పాత ఏఎఫ్-డి రకానికి ఆటోఫోకస్ రాదు. అలాంటివి నా దగ్గర రెండున్నాయి, అందుకే డి850 ఇంకా అమ్మలేదు.