రేడియన్స్‌లో సమాంతర గణన: నాలుగేళ్ల వాడకం తర్వాత

అమలాపురం దగ్గర ఒక పాత మండువా లోగిలిని పిల్లల గ్రంథాలయంగా మార్చే పని నాలుగేళ్ల కిందట చేతికి వచ్చినప్పుడు, గదుల్లోకి పగటి వెలుగు ఎంత చేరుతుందో లెక్కగట్టడానికి రేడియన్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టాను. మండువాలో పడిన వెలుగు గచ్చుకూ సున్నపు గోడలకూ వసారా చూరు అడుగుకూ పదేపదే తగిలితే గానీ వెనక గదికి చేరదు కాబట్టి, పరావర్తనాల సంఖ్యను ఏడు దాకా పెంచక తప్పలేదు. కంప్యూటర్ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలైన కోర్లలో ఒక్కదాని మీదే నడిపితే ఒక్కో లెక్కకు రాత్రంతా పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వచ్చేది.

రేడియన్స్ కొలత బిందువు, అంటే వెలుగు ఎంతో తెలియాల్సిన చోటు, నుంచి వెనక్కి కిరణాలను పంపి లెక్క చేస్తుంది. ఒక బిందువు లెక్కకు పక్క బిందువుతో నిమిత్తం లేదు కనుక పనిని కోర్లకు పంచి ఒకేసారి చేయించడం, అంటే సమాంతర గణన, తేలికే అనిపిస్తుంది. అయితే ఇంతకుముందు తేలిన విలువలను దాచుకుని చుట్టుపక్కల బిందువులకు వాడుకునే మామూలు పద్ధతిలో, ఒక ప్రాసెస్ (ఒక కోర్ మీద నడిచే పని) కనుక్కున్నది మరొకదానికి వెంటనే తెలియక, చేసిన పనినే రెండోసారి చేస్తాయి. అందుకే ఎనిమిది కోర్లు పెట్టినా ఎనిమిది రెట్ల వేగం నాకు ఎన్నడూ రాలేదు.

అసలు మేలు ఏడాది పొడవు లెక్కలో కనిపించింది. ఆకాశాన్ని 145 ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్క నుంచి ఒక్కో బిందువుకు వచ్చే వెలుగును ఒకసారి లెక్కగట్టి, 8,760 గంటల ఫలితాన్నీ మాత్రికల గుణకారంతో రాబట్టే ఈ పద్ధతిలో దాచుకోవడమే ఉండదు; కోర్లన్నీ చివరిదాకా నిండుగా పనిచేస్తాయి. చూరు కింద నల్లబడ్డ దూలాలను చూపిస్తూ ఇంటి పెద్దాయన, "అక్కడ తెల్ల పలకలు బిగిస్తే లోపల వెలుగు పెరుగుతుందాండీ?" అని అడిగిన రోజున, ఆయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా వెనక గది బల్లల మీద 300 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలమానం) అందే గంటలు ఎన్ని పెరుగుతాయో చూపించగలిగాను. అంతకుముందైతే మర్నాడు ఫోన్ చేసి చెప్పేవాడిని.

విండోస్‌లో నేను వాడినంతకాలం ఒకే ఆదేశంతో కోర్లన్నిటికీ పని పంచే వీలు దొరకలేదు. లైనక్స్‌కు మారాక ఆ బాధ తీరింది, పైగా భవన నమూనాను ప్రాసెస్‌లన్నీ ఉమ్మడిగా వాడుకోవడంతో మెమరీ కూడా ఆదా అయింది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల మీద నడిచే రేడియన్స్ రూపాంతరం యాక్సెలరాడ్ ఇంకా వేగమైనదే, కానీ దాని ఫలితాలను ప్రతి భవనంలోనూ కనీసం ఒక గదికి మామూలు రేడియన్స్‌తో సరిచూసుకుంటాను. వెనక గదుల్లాంటి చీకటి మూలల్లోనే నాకు తేడాలు ఎక్కువగా కనిపించాయి.