పాల క్యానా, తలకిందుల నీటిగదా, నది నీళ్లా: ప్రాణాపాయపు ఎస్కేప్‌కు ఏది మేలు?

బేడీలు, తాళాలు, నీళ్లు కలిసిన ఎస్కేప్ అంశాన్ని తన ప్రదర్శనలో చేర్చుకోదలచిన వృత్తి ఐంద్రజాలికుడి ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. నిలువుగా దిగి కూర్చునే పాల క్యాను ఒకటి, కాళ్లకు బొండ (పాదాలను బిగించి పట్టే చట్రం) వేసి తలకిందులుగా దించే అద్దాల నీటిగది రెండవది, సంకెళ్లతో నదిలోకి జారవిడవడం మూడవది. వీటిలో ఏది ఎక్కువ భయపెడుతుందో ప్రేక్షకుడు చెప్పగలడు. పరికరాన్ని తయారు చేయించేవాడు మాత్రం, యంత్రాంగం మొరాయించిన క్షణం నుంచి లోపలి మనిషి ముక్కుకు గాలి తగిలే క్షణం దాకా ఎన్ని సెకన్లు పడుతుందన్న లెక్కతోనే మొదలుపెట్టాలి. తప్పించుకునే కిటుకుల జోలికి ఇక్కడ పోవడం లేదు. అవి వృత్తిలో ఉన్నవారికి తెలిసినవే, లేనివారికి అక్కరలేనివి.

నదిని ముందే పక్కన పెట్టవచ్చు. 2019 జూన్ 16న కోల్‌కతాలో చంచల్ లాహిరి అనే ఐంద్రజాలికుడు సంకెళ్లతో, తాళాలతో హుగ్లీలోకి దిగి తిరిగి రాలేదు. మరునాడు శవం దొరికింది. అదే నదిలో 2013లో ఆయన చేసిన ప్రయత్నంలో ప్రాణం దక్కింది గాని, కిటుకు కనిపెట్టామంటూ జనం ఆయనపై చేయి చేసుకున్నారు. నదిలో చేసే ప్రదర్శన బలహీనత ఈ రెండు సంఘటనల్లోనూ కనిపిస్తుంది. మనిషి ఎక్కడున్నాడో ఒడ్డున ఉన్న సహాయకుడికి తెలియదు, ప్రేక్షకుడు ఏ కోణం నుంచి చూస్తాడో ఐంద్రజాలికుడి చేతిలో ఉండదు. కృష్ణలో చేసినా గోదావరిలో చేసినా ఇందులో మార్పేమీ రాదు.

ఇక అసలు పోటీ క్యానుకూ గదికీ మధ్యనే. రెండూ అమెరికా ఐంద్రజాలికుడు హ్యారీ హౌడినీ పుణ్యమే. 1908లో పాల క్యానును రంగం మీదికి తెచ్చినప్పుడు ఆయన చేసిన ఏర్పాటు ఇప్పటికీ పాఠం లాంటిది. నీళ్లు నిండిన క్యానులోకి దిగే ముందు, తనతోపాటు ఊపిరి బిగబట్టమని సభను కోరేవాడు. నిమిషం తిరక్కుండానే ముందు వరుసలో ఒకరు, గ్యాలరీలో ఇంకొకరు గుటకలు మింగుతూ గాలి పీల్చేసుకుంటారు. అప్పటినుంచి స్టేజీ మీద ఏమీ కనిపించకపోయినా, ఆ ఇనుప క్యాను లోపల ఏం జరుగుతోందో ఎవరి ఛాతీ వారికి చెబుతూనే ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా ఇంత ఉత్కంఠ పుట్టించిన రూపకల్పన మరొకటి నాకు తోచదు.

అయితే క్యానులో రెండు లోపాలున్నాయి. లోపల ఏం జరుగుతోందో సహాయకుడికి కూడా కనిపించదు. మూత మీద ఆరు తాళాలుంటే, ఒక్కో దానికి ఐదు సెకన్లు వేసుకున్నా, తాళంచెవి తడబడకుండా తిరిగినా, అర నిమిషం అక్కడే గడిచిపోతుంది. 1930లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జెనెస్టా అనే ఐంద్రజాలికుడు ఈ క్యాను అంశం చేస్తూనే చనిపోయాడు; క్యానుకు పడిన సొట్ట వల్ల బయటపడే ఏర్పాటు కదల్లేదు. లారీలో ఎక్కించి దించే ప్రతిసారీ రేకుకు సొట్ట పడే అవకాశం ఉంటుంది గనుక, క్యాను ఎంచుకున్నవాడు ప్రతి ప్రదర్శనకు ముందూ దాని మెడ చుట్టూ స్వయంగా చేయి పెట్టి తడిమి చూసుకోవాలి.

తలకిందుల నీటిగదిని హౌడినీ 1912లో బెర్లిన్‌లోని సర్కస్ బుష్‌లో ప్రదర్శించాడు. ఆయన అందులోనే చనిపోయాడని చాలామంది నమ్ముతారు గాని అది నిజం కాదు. 1926 అక్టోబరు 31న డెట్రాయిట్‌లో, అపెండిక్స్ పగిలి కడుపులో సోకిన వ్యాధితో పోయాడు. దానికి మూడు వారాల ముందు ఆల్బనీ నగరంలో ఇదే అంశం చేస్తుండగా ఆయన చీలమండ విరిగింది. నీళ్లలో దిగాక జరిగింది కాదది, బొండతో సహా పైకి లాగుతున్నప్పుడు జరిగింది. తొట్టి మీద పెట్టే శ్రద్ధలో సగమైనా కప్పీ మీద, తాడు మీద పెట్టాలన్న సంగతి కొత్తవాళ్లు మరిచిపోతుంటారు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. అడుగుభాగం 60 సెంటీమీటర్ల చదరం, ఎత్తు మీటరున్నర ఉన్న తొట్టిలో 540 లీటర్ల నీళ్లు పడతాయి. ఒక్కో పక్క అద్దాన్ని ఆ నీళ్లు దాదాపు 675 కిలోల బలంతో నెడతాయి. తొట్టి బరువు మరో 200 కిలోలు వేసుకుంటే స్టేజీ మీద పడే భారం చదరపు మీటరుకు రెండు టన్నులు దాటుతుంది. మన కళాక్షేత్రాల చెక్క వేదికల మీద దీన్ని దించాలంటే కింద ఇనుప దూలాలు పరిచి భారాన్ని పంచక తప్పదు.

ఆపదలో నీళ్లు వదిలేయడానికి అడుగున 10 సెంటీమీటర్ల వాల్వు పెట్టారనుకుందాం. మనిషి క్యానులో లాగా నిలువుగా, మోకాళ్లు కొద్దిగా వంచి ఉంటే, పైనున్న 30 సెంటీమీటర్ల నీరు దిగితే ముక్కు బయటపడుతుంది; అందుకు నాలుగైదు సెకన్లు చాలు. తలకిందులుగా ఉంటే ముక్కు అడుగుకు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది గనుక తొట్టి దాదాపు ఖాళీ కావాలి, అందుకు సుమారు 27 సెకన్లు పడతాయి. వాల్వు సగం వెడల్పుదైతే సమయం నాలుగింతలవుతుంది: నిలువు తొట్టికి 18 సెకన్లు, తలకిందుల గదికి నిమిషం ముప్పావు.

గొడ్డలి ఉంది కదా అనవచ్చు. హౌడినీ మనిషి గొడ్డలి పట్టుకుని పక్కనే నిలబడేవాడు. కానీ నేటి తొట్లలో చాలావాటికి వాడే ఆక్రిలిక్ పలక ఒక దెబ్బకు పగలదు. మధ్యలో ప్లాస్టిక్ పొర అంటించిన గాజు పగిలినా రాలదు. అలాంటి తొట్టి పక్కన గొడ్డలి అలంకారానికే పనికొస్తుంది. రక్షణ అంతా వాల్వు మీద, బయటి నుంచి ఒక్క లాగుతో తెరుచుకునే మూత మీద ఆధారపడాలి.

అందుచేత నా మొగ్గు నిలువు తొట్టి వైపే: గోడలు పారదర్శకంగా ఉండాలి, మూతకు ఎన్ని తాళాలు కనిపించినా అవన్నీ ఒకే కడ్డీకి లొంగాలి, ఊపిరి బిగబట్టే పోటీ మాత్రం పాల క్యాను నుంచి తెచ్చుకోవాలి. తలకిందుల దృశ్యానికున్న అందం ఇందులో రాదు, ఒప్పుకుంటాను. కానీ వాల్వు దగ్గర గడియారం చూస్తూ నిలబడే మనిషి స్థానంలో ఉండి ఆలోచించాలి. ప్రదర్శకుడు కదులుతూ 150 సెకన్లు ఊపిరి ఆపగలడని సాధనలో తేలితే, తలకిందుల గదిలో ఆ మనిషి 120వ సెకనులోపే వాల్వు తిప్పాలి. అప్పటికి సభలో ఎవరికీ అనుమానం కూడా రాదు, లోపలి మనిషికి నిజంగా కష్టమొచ్చిందో లేదో వాల్వు దగ్గరి మనిషికే తెలియదు. అనవసరంగా తిప్పితే ప్రదర్శన పాడవుతుంది, తిప్పకపోతే మనిషి పోతాడు. నిలువు తొట్టిలోనైతే అతను 140 దాకా ఆగి, తెర వెనక నుంచి ప్రదర్శకుడి కళ్లలోకి చూసి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు.