ఒకే ఇల్లు, మూడు జిల్లాలు: ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ వాడి చూశాను

మా అవ్వ 1908లో చంద్రగిరిలో పుట్టినప్పుడు మాది ఉత్తర ఆర్కాటు జిల్లా. నాయన పుట్టేసరికి చిత్తూరు జిల్లా. 2023లో పుట్టిన మనవరాలి ఆధార్ మీద తిరుపతి జిల్లా. ఇల్లు మాత్రం కోటకెళ్ళే దారిలో అదే పెంకుటిల్లు. సర్వేయర్‌గా రిటైరైన నాకు, ఫోన్‌లో మ్యాపు ఇవాళ్టి హద్దే చూపించి ఊరుకోవడం మొదటినుంచీ నచ్చలేదు.

ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ అంటే, ఊళ్ళూ హద్దులూ ఏ కాలంలో ఎట్లా ఉండేవో ఎవరైనా గీసి పెట్టగల ఇంటర్నెట్ మ్యాపు. ఇందులో అడుగున ఒక కాలం పట్టీ ఉంటుంది. వెనక్కి జరిపితే ఆ తేదీకి ఉన్నవే మిగులుతాయి. గీసిన ప్రతిదానికీ మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాయడమే కిటుకు. ఇవాళ ఉన్నవాటినే జనం గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అయితే కూలిపోయినదాన్ని తీసేస్తారు. ఇది దాని చెల్లెలే గానీ లాగిన్ వేరే. డబ్బు కట్టే పనిలేదు.

చిత్తూరు జిల్లా హద్దుతో మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను. 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన జిల్లా, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికిచ్చి సత్యవేడు వైపు ఊళ్ళు తెచ్చుకుంది. నేనేమో ఉన్న గీతనే పట్టుకుని జరిపేశాను. పట్టీని 1958కి తెచ్చి చూస్తే తిరుత్తణి అప్పుడే చేజారిపోయి ఉంది! సబ్ డివిజన్ చేసినా పాత కొలతలు చెరపొద్దని కుర్రాళ్ళకు చెప్పిన మనిషిని నేనే. 1911 నుంచి 1960 దాకా ఒక హద్దు, అక్కణ్ణుంచి 2022 ఏప్రిల్ 4 దాకా ఇంకొకటి, ఆ తర్వాతది వేరొకటి. విడివిడిగా గీసి, క్రోనాలజీ అనే దాంట్లో వరసగా కట్టాలి. మూడు రాత్రులు పట్టింది.

పేర్లు గీతలంత మొండివి కావు. కపిలతీర్థాన్ని శాసనాల్లో ఆళ్వారుతీర్థమన్నారు, ఆ పేరునూ చేర్చొచ్చు. గుడిమల్లం శివాలయం దగ్గరే చిక్కు. ఆ లింగం క్రీస్తుకు ముందుదంటారు గానీ ఏ శతాబ్దమో పండితులకే కుదరలేదు. "సుమారు" అని రాసుకోడానికి వేరే గడి ఉంది, మంచిదే. కానీ పట్టీ నడవాలంటే ఏదో ఒక ఏడాది వేయాల్సిందే. అట్లా వేస్తే పరశురామేశ్వరుడు ఒకానొక జనవరిలో టక్కున వెలిసినట్టుంటుంది. నాకది మింగుడుపడలేదు.

కళ్ళజోడు వయసువాళ్ళు ఫోన్‌లో గీయబోకండి, వేలు ఒకటి పడితే హద్దు ఇంకోటి కదులుతుంది. మావాడి లాప్‌టాప్ ఖాళీ అయ్యాక, రాత్రి తొమ్మిది దాటితేనే నా సర్వే.