పాత వోల్ట్ ఏడేళ్ళు, రెండో తరం వోల్ట్ రెండేళ్ళు నడిపాక చెప్తున్నా

పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఒకటి చవగ్గా వస్తోంది తీసుకోనా, లేక ఇంకొంచెం పెట్టి కొత్త మోడల్‌కి వెళ్ళనా అని ఈమధ్య మావాళ్ళల్లో ముగ్గురు నలుగురు అడిగారు, ఫోన్‌లో ప్రతిసారీ సగం చెప్పి సగం మర్చిపోతున్నాను, అందుకే ఒక్కసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా. నేను 2013 మోడల్ షెవర్లే వోల్ట్ 2016లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని ఏడేళ్ళు నడిపాను. తర్వాత 2018 మోడల్ తీసుకున్నాను, అదీ సెకండ్ హ్యాండే, దానికి రెండేళ్ళయింది. పాతది పోయిన నెల దాకా అమ్మకుండా ఉంచాం, కాబట్టి రెండూ ఒకే రోడ్డు మీద, ఒకే చలిలో, ఒకే ప్లగ్గు మీద నడిపి చూసిన మాటలు ఇవి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రాత్రి ప్లగ్ పెడితే పొద్దున్నకి బ్యాటరీ నిండుతుంది, అది అయ్యేదాకా కారు మామూలుగా కరెంటు మీదే పోతుంది, యాక్సిలరేటర్ ఎంత గట్టిగా తొక్కినా ఇంజిన్ లేవదు. మామూలుగా బ్యాటరీ అయిపోయాకే పెట్రోల్ ఇంజిన్ అందుకుంటుంది. మొదటి తరం అంటే 2011 నుంచి 2015 మోడళ్ళు, రెండో తరం 2016 నుంచి 2019 దాకా, 2019 ఫిబ్రవరిలో తయారీ ఆపేశారు. కాబట్టి ఇక్కడ నేను కొత్తది అంటున్నదీ షోరూమ్ కారు కాదు, పాతదాని కంటే కొత్తది, అంతే.

ముందు అసలు విషయం. నేను ఆఫీసుకి వెళ్ళి రావడానికి 34 మైళ్ళు. ఆఫీసులో ప్లగ్ లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో 2013 వోల్ట్ ఒక్క చార్జికి 38 మైళ్ళు, 2018 వోల్ట్ 53 మైళ్ళు. కాగితం మీద చూస్తే 34కి 38 సరిపోతుంది కదా, నేనూ అదే లెక్కతో కొన్నాను. ఎండాకాలంలో నిజంగానే సరిపోయింది, నెమ్మదిగా పోతే ఇంటికొచ్చాక ఇంకో నాలుగైదు మైళ్ళు మిగిలేది కూడా. చలికాలం వచ్చేసరికి హీటర్ వేసుకుంటే 25, 26 దగ్గరే ఆగిపోయేది. ఆ మిగతా ఎనిమిది మైళ్ళ దగ్గరే పాత కారుకీ కొత్త కారుకీ ఉన్న తేడా అంతా ఉంది.

పెట్రోల్ ఖర్చు కోసం అనట్లేదు ఈ మాట. రోజూ సాయంత్రం ఇంటికి ఎనిమిది మైళ్ళ దూరంలో గడ్డకట్టిన ఇంజిన్ లేచి, వేడెక్కీ వేడెక్కకముందే మేం ఇంటికొచ్చి ఆపేసేవాళ్ళం. ఏ ఇంజిన్‌కైనా అది మంచిది కాదు, సరిగ్గా వేడెక్కకపోతే లోపల చేరిన తేమ పోదు, ఆయిల్ తొందరగా పాడవుతుంది. రెండు చలికాలాలు అలా గడిచాక పద్ధతి మార్చాను. 2013 నుంచి వోల్ట్‌లో హోల్డ్ మోడ్ అని ఒకటి ఇచ్చారు, అది నొక్కితే బ్యాటరీని అలాగే అట్టేపెట్టి ఇంజిన్ మీద నడుపుతుంది. పొద్దున్న హైవే ఎక్కగానే హోల్డ్ నొక్కి పది మైళ్ళు ఇంజిన్ మీద పోనిచ్చేవాణ్ణి, ఇంజిన్ బాగా వేడెక్కేది, ఆ వేడే కారు లోపలికి వచ్చేది, హీటర్ కోసం బ్యాటరీ ఖర్చయ్యేది కాదు. మిగతా దారంతా, సాయంత్రం తిరుగు ప్రయాణంతో సహా, కరెంటు మీదే. ఎలాగూ పెట్రోల్ తగలెయ్యక తప్పదన్నప్పుడు పొద్దున్నే ఒకేసారి తగలెయ్యడం మేలు. పాత వోల్ట్ కొనేవాళ్ళు ఎవరైనా సరే, 2013 కంటే ముందు మోడళ్ళకి పోకండి, ఈ ఒక్క బటన్ కోసమే చెప్తున్నా.

2018 కారులో ఈ తంటా ఏమీ లేదు. బాగా చలిగా ఉన్న రోజు కూడా 38, 40 వస్తోంది, నా 34 దాంట్లో పట్టేస్తోంది. మార్చి నుంచి నవంబర్ దాకా ఇంజిన్ చప్పుడు నేను వినేది కారు తనంతట తను వేసుకున్నప్పుడే. ఆరు వారాలపాటు ఇంజిన్ వాడకపోతే కాసేపు తిప్పాలి అని స్క్రీన్ మీద అడుగుతుంది, ఊఁ అంటే కొద్దిసేపు తిప్పి ఆపేస్తుంది. ట్యాంకులో పెట్రోల్ ఏడాది దాటి పాతబడిందనుకుంటే దాన్ని కాల్చెయ్యడానికి కూడా ఇంజిన్ వేస్తుంది. అందుకని నేను ట్యాంకు నింపను, మూడో వంతు పోయిస్తాను, అంతే.

బ్యాటరీల తేడా చూస్తే మొదట నమ్మకం కలగలేదు. 2013 దాంట్లో 16.5 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో 16.5 యూనిట్లు, 2018 దాంట్లో 18.4. పెరిగింది రెండు యూనిట్లు, దూరం పెరిగింది 15 మైళ్ళు. ఎలా అంటే పాతదాంట్లో 16.5 ఉన్నా మనకి వాడుకోడానికి ఇచ్చేది పదిన్నర యూనిట్లే, మిగతాది పైనా కిందా దాచిపెట్టి ఉంచుతుంది, ఎప్పుడూ పూర్తిగా నింపదు, ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యదు. కొత్తదాంట్లో దాచిపెట్టేది తగ్గించి 14 యూనిట్ల దాకా మనకిచ్చారు, పైగా బ్యాటరీ బరువు తగ్గింది, మోటార్ల అమరిక మారింది. ఆ దాచిపెట్టిన భాగం వల్లే పాత వోల్ట్ బ్యాటరీలు అన్నేళ్ళు నిలబడ్డాయని నా నమ్మకం, దానికి తోడు బ్యాటరీ మధ్యలో కూలెంట్ తిరుగుతూ ఎండలో చల్లగా చలిలో వెచ్చగా ఉంచుతుంది.

ఇప్పుడు కొనేవాళ్ళకి కావలసింది చెప్తాను. పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు అందరూ ఓడోమీటర్ చూస్తారు, దాంతోపాటు బ్యాటరీ నుంచి ఎన్ని యూనిట్లు బయటికొస్తున్నాయో చూడాలి. వోల్ట్‌లో ఇది స్క్రీన్ మీదే కనపడుతుంది. ముందురోజు ఫుల్ చార్జి పెట్టి ఉంచమని చెప్పండి, మర్నాడు మీరే కూర్చుని బ్యాటరీ అయిపోయి ఇంజిన్ లేచేదాకా నడపండి, లేచిన క్షణంలో ఎన్ని యూనిట్లు వాడిందో రాసుకోండి. నేను 2013 కారు తీసుకున్న రోజు 10.1 వచ్చింది. మొన్న మా తమ్ముడికి ఇచ్చేముందు చూస్తే 9.3. అంటే తొమ్మిదేళ్ళలో పోయింది ఒక యూనిట్ లోపే, నాకైతే అది చాలా మంచి లెక్క. 2018 వెతుకుతున్నప్పుడు ఒక డీలర్ దగ్గర ఫుల్ చార్జి పెట్టి ఉంచాం అన్నారు, వెళ్ళి చూస్తే సగం కూడా లేదు, చార్జర్ పని చెయ్యట్లేదు కానీ కారు బానే ఉందండీ, నమ్మండి అన్నారు. అక్కణ్ణుంచి వచ్చేశాను. చార్జి పెట్టి చూపించని ప్లగ్-ఇన్ కారుని నేను ముట్టుకోను. డాష్‌బోర్డ్ మీద ఇంకా ఇన్ని మైళ్ళు పోతుంది అని చూపించే నంబర్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, అది ఈమధ్య కారు నడిపిన తీరుని బట్టి వేసిన అంచనా, వారం రోజులు నెమ్మదిగా తిప్పి అమ్మకానికి పెడితే ఎక్కువ చూపిస్తుంది.

బానెట్ ఎత్తి బ్యాటరీ కూలెంట్ డబ్బా కూడా చూడండి. ఇంజిన్‌ది వేరు, బ్యాటరీది వేరు. బ్యాటరీ కూలెంట్ లెవెల్ గీత కిందకి దిగితే ఏదో లీకు ఉన్నట్టే, మరీ తగ్గితే కారు చార్జింగే తీసుకోదు.

ప్లగ్ సంగతి. మా ఇంట్లో, అమెరికాలో మామూలుగా ఉండే 120 వోల్టుల సాకెట్‌కే పెట్టేవాణ్ణి. కారు మామూలుగా 8 ఆంప్స్ తీసుకుంటుంది, కావాలంటే స్క్రీన్ మీద 12 చేసుకోవచ్చు. 12 మీద పాతది పది గంటలు, కొత్తది పదమూడు గంటలు పడుతుంది. మొదటి ఏడాది ఒక రాత్రి ఎందుకో గ్యారేజీలోకి వెళ్ళి ప్లగ్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది, బయటికి లాగి చూస్తే సాకెట్ మొహం ఒక పక్క గోధుమరంగుకి తిరిగింది, లోపల పట్టు వదులైపోయి ప్లగ్ ఊగుతోంది. తప్పు కారుది కాదు, ఎప్పటిదో సాకెట్, దాంట్లో అప్పుడప్పుడు డ్రిల్ మెషిన్ పెట్టడం వేరు, రోజూ పది గంటలు ఆపకుండా 12 ఆంప్స్ లాగడం వేరు. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ మార్చి, ఆ లైన్ మీద ఇంకేమీ లేకుండా చేసి వెళ్ళాడు. దయచేసి మొదటి వారంలో రోజూ గంటకోసారి ప్లగ్‌ని చేత్తో పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపెయ్యండి. ఎక్స్‌టెన్షన్ వైరు అసలు వద్దు. 2018 కొన్నాక 240 వోల్టుల చార్జర్ పెట్టించుకున్నాం, నాలుగున్నర గంటల్లో నిండిపోతుంది. ఫాస్ట్ చార్జింగ్ మాత్రం రెండు తరాల్లోనూ లేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

లోపల కూర్చోడానికి పాతది నలుగురికే. బ్యాటరీ టీ అక్షరం ఆకారంలో సీట్ల మధ్య నుంచి వెనకదాకా ఉంటుంది, అందుకే వెనక మధ్య సీటు లేదు. కొత్తదాంట్లో ఐదో సీటు బెల్టు ఇచ్చారు కానీ బ్యాటరీ గట్టు అక్కడే ఉంది, చిన్నపిల్లలు కాళ్ళు అటూ ఇటూ వేసుకుని కూర్చోవాలి, పెద్దవాళ్ళ వల్ల కాదు. మా అత్తగారు వచ్చినప్పుడు వెనక సీట్లో తల పైకి తగులుతోంది అన్నారు, రెండు కార్లలోనూ. కుటుంబం పెద్దదైతే ఇది ముందే చూసుకోండి.

పాతదాంట్లో ఏసీ, రేడియో బటన్లన్నీ నున్నటి పలక మీద వేలు తాకిస్తే పనిచేసే రకం, చలిలో గ్లౌజులతో ఒక్కటీ పలకదు, కొత్తదాంట్లో నిజం బటన్లు పెట్టారు, చూడకుండా నొక్కొచ్చు. స్టీరింగ్ వెనక ఎడమవైపు ఒక మీట కూడా ఇచ్చారు, దాన్ని నొక్కిపడితే బ్రేక్ తొక్కకుండానే కారు నెమ్మదించి ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది, నాకు బాగా అలవాటైపోయింది, ఇప్పుడు వేరే కారు ఎక్కితే వేలు దానికోసం వెతుక్కుంటోంది. పాత ఇంజిన్‌కి ప్రీమియం పెట్రోల్ పొయ్యాలి, కొత్తదానికి మామూలుది చాలు. బ్యాటరీ అయిపోయాక మైలేజ్ ఈపీఏ లెక్కలో గాలన్‌కి పాతదానికి 37 మైళ్ళు, కొత్తదానికి 42. దూర ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్ళకి ఈ రెండూ కలిసి బాగా తేడా తెలుస్తుంది.

ఒకసారి మూడు వారాలు ఊళ్ళో లేం, తిరిగొచ్చేసరికి పాత కారు చలనం లేదు. పెద్ద బ్యాటరీ నిండుగానే ఉంది, పోయింది మామూలు 12 వోల్టులది, అది ఆరేళ్ళ నాటిది, మార్చాల్సిన టైములో నేను మార్చలేదు. ఆ చిన్న బ్యాటరీ ఉండేది వెనక డిక్కీలో, డిక్కీ తెరుచుకునేదేమో కరెంటు మీద. రిమోట్ లోపల దాచిన తాళంచెవితో డ్రైవర్ డోర్ తీసి, బానెట్ ఎత్తితే అక్కడ జంప్ స్టార్ట్ కోసం ఒక పాయింట్ ఇచ్చారు, అక్కణ్ణుంచి కరెంటు ఇస్తే లేచింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఈ చిన్న బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి, తెలియదంటే మీరే కొత్తది వేయించండి.

వారంటీ గురించి. వోల్ట్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు. 2013 కారుకి అది ఎప్పుడో అయిపోయింది, 2018 వాటికీ ఈపాటికి అయిపోయి ఉంటుంది, లేదా అయిపోవస్తోంది. తయారీ ఆగిపోయిన కారు కాబట్టి ఈ హైవోల్టేజీ సిస్టమ్ తెలిసిన మెకానిక్ మీకు అందుబాటులో ఉన్నాడో లేడో కొనకముందే కనుక్కోవాలి, కొన్నాక కాదు. వారంటీ కావాలనుకునేవాళ్ళు, ఏ చిన్న రిపేరుకీ మనశ్శాంతి ఉండనివాళ్ళు ఈ రెండూ వదిలేసి 2023 మోడల్ నుంచి వచ్చిన టయోటా ప్రియస్ ప్రైమ్ లాంటిది చూడ్డం మంచిది. 13.6 యూనిట్ల బ్యాటరీతో 44 మైళ్ళ దాకా ఇస్తుంది, హీటర్‌కి హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చేది, ఉంది కాబట్టి వోల్ట్ హీటర్ తిన్నంత కరెంటు తినదు. నేనూ నడిపి చూశాను, బాగుంది, కానీ నా 34 మైళ్ళకి 2018 వోల్ట్ సరిపోతున్నప్పుడు అంత పెట్టడానికి మనసొప్పలేదు.

మరి పాతదెవరికి అంటే, రోజుకి ఇరవై, పాతిక మైళ్ళ లోపు తిరిగేవాళ్ళకి, లేదా ఆఫీసులో ప్లగ్ ఉన్నవాళ్ళకి. వాళ్ళకి 2013 నుంచి 2015 మధ్య వోల్ట్ హాయిగా సరిపోతుంది, కొత్తదానికి పెట్టే అదనపు డబ్బు అనవసరం. 30 దాటితే మాత్రం చలికాలం లెక్క వేసుకుని రెండో తరానికే వెళ్ళండి.

మా పాత కారు పోయిన నెల మా తమ్ముడు తీసుకున్నాడు, వాడికి ఆఫీసు రానూపోనూ 14 మైళ్ళు. 9.3 అని తారీఖుతో సహా చీటీ మీద రాసి గ్లోవ్ బాక్సులో పెట్టాను, ఏటా ఒకసారి చూసి దాని కిందే రాయమన్నాను. మొన్న ఫోన్ చేసి, అన్నయ్యా, పెట్రోల్ మూత బటన్ నొక్కితే వెంటనే తెరుచుకోవట్లేదేంటి, పాడైందా అన్నాడు. లేదురా, ట్యాంకు గాలి చొరకుండా బిగించి ఉంటుంది, లోపలి ఒత్తిడి దిగేదాకా కాసేపు ఆగాలి, స్క్రీన్ మీద రెడీ అని వస్తుంది చూడు అన్నాను. ఫోన్ పెట్టకుండానే ఆగాడు, కాసేపటికి టక్‌మన్న చప్పుడు నాకూ వినపడింది.