సింగపూర్ డీఎస్ఏ: ఆటతో సెకండరీ సీటు ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

సింగపూర్‌లో ప్రైమరీ 6 చదివే పిల్లలు పీఎస్ఎల్‌ఈ (ప్రైమరీ 6 చివర రాసే జాతీయ పరీక్ష) ఫలితాలు రాకముందే ఆట బలంతో సెకండరీ స్కూల్లో చోటు ఖాయం చేసుకునే దారి డైరెక్ట్ స్కూల్ అడ్మిషన్. అందరి నోటా డీఎస్ఏ. 2004లో మొదలైంది. సంగీతం, సైన్సు, నాయకత్వం లాంటి విభాగాలు కూడా ఉన్నాయి కానీ ఇక్కడ ఆటల సంగతే చూద్దాం. ఎందుకంటే మన తెలుగు కుటుంబాల్లో బ్యాడ్మింటన్‌కో ఈతకో పిల్లల్ని వారానికి నాలుగు రోజులు తిప్పే అమ్మానాన్నలు చాలామంది, వాళ్లలో ఎక్కువమందికి డీఎస్ఏ గురించి తెలిసినదంతా వాట్సాప్ గ్రూపుల్లో విన్నదే.

దరఖాస్తు వరకు చూస్తే ఈ ఏర్పాటుకు వంక పెట్టడానికి లేదు. ఒకప్పుడు ఏ స్కూలుకు ఆ స్కూల్లో విడిగా ఫారం నింపాల్సి వచ్చేది, కొన్ని స్కూళ్లు రుసుం కూడా తీసుకునేవి. 2019 నుంచి విద్యాశాఖ పోర్టల్లో ఒకటే ఫారం, పైసా ఖర్చు లేదు. ప్రభుత్వ డిజిటల్ గుర్తింపు సింగ్‌పాస్‌తో లోపలికి వెళ్తే చాలు. మే తొలి రోజుల్లో తెరుచుకుంటుంది, జూన్ తొలి రోజుల్లో మూతపడుతుంది. పిల్లల ప్రైమరీ 5, 6 మార్కులు, సీసీఏ (స్కూల్లో చదువుతో పాటు చేసే ఆటలు, కళల్లాంటి కార్యక్రమాలు) వివరాలు, నాఫా ఫిట్‌నెస్ ఫలితాలు, స్కూళ్ల మధ్య జరిగే నేషనల్ స్కూల్ గేమ్స్‌లో ఆడినదీ గెలిచినదీ మీరు ఎంచుకున్న స్కూళ్లకు వాటంతట అవే చేరతాయి. కాబట్టి సర్టిఫికెట్లన్నీ లామినేషన్ చేయించి, రంగుల ఆల్బం కుట్టించి స్కూలు ఆఫీసులో ఇచ్చి రావడం శుద్ధ దండగ. స్కూలు అడిగితేనే ఇవ్వండి.

చిక్కంతా ఎంపికల దగ్గర వస్తుంది. మొత్తం మూడే. ఒక్కో ఎంపిక అంటే ఒక స్కూలు, అందులో ఒక ఆట. ఒకే స్కూలుకు రెండు వేర్వేరు విభాగాల్లో రెండు ఎంపికలు వాడుకోవచ్చు, మూడూ ఒకే స్కూలుకు కుదరదు. చాలామంది చేసేదేమిటంటే మూడు ఎంపికలనూ పేరున్న మూడు స్కూళ్ల మీద పెట్టేస్తారు. అవే స్కూళ్లకు జాతీయ స్థాయి జూనియర్లు కూడా దరఖాస్తు పెడతారని ఆ హడావుడిలో తట్టదు. మా సలహా: ఒకటి పెద్ద స్కూలు, ఒకటి ఆ ఆటలో నేషనల్ స్కూల్ గేమ్స్‌లో రెండో రౌండు దాటే స్కూలు, మూడోది ఇంటికి దగ్గరగా ఉండి ఆ ఆట టీమును ఇప్పుడిప్పుడే కట్టుకుంటున్న స్కూలు. మూడో రకం స్కూళ్లలో మీ పిల్లకు మొదటి ఏడాదే మ్యాచ్‌లు దొరుకుతాయి. పెద్ద స్కూల్లో రెండేళ్లు రిజర్వు బెంచీ మీద కూర్చునే ప్రమాదం నిజంగా ఉంది.

ఇంకో చిన్న తనిఖీ. విద్యాశాఖ స్కూల్‌ఫైండర్‌లో ఏ స్కూలు ఏ ఆటకు డీఎస్ఏ తీసుకుంటుందో వెతకొచ్చు. అక్కడ ఆ ఆట అబ్బాయిలకా, అమ్మాయిలకా, ఇద్దరికీనా అన్నది కూడా చూడాలి. కో-ఎడ్ స్కూలే అయినా అబ్బాయిల టీము మాత్రమే ఉండొచ్చు. పోయినేడు తీసుకున్న ఆటను ఈ ఏడు తీసుకోకపోవచ్చు. క్రికెట్ ఆడే పిల్లల తల్లిదండ్రులు ఈ పని ముందుగా చేయాలి, ఎందుకంటే ఆ ఆటకు తలుపు తీసే స్కూళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఫారంలో స్కూలు బయట సాధించినవి రాసుకోవడానికి పది వరుసలుంటాయి. ఈ పది వరుసలే మీ చేతిలో ఉన్న అసలు పనిముట్టు, చాలామంది దాన్ని పాడుచేసుకునేదీ ఇక్కడే. 'బ్యాడ్మింటన్ టోర్నమెంట్ విజేత' అని రాస్తే కోచ్‌కి ఏమీ అర్థం కాదు. ఏ వయసు విభాగం, సింగిల్సా డబుల్సా, డ్రాలో ఎంతమంది, ఏ రౌండు దాకా వెళ్లింది, ఏ నెల, ఏ ఏడాది అన్నవి రాయాలి. 'అండర్ 11 సింగిల్స్, 64 మంది డ్రా, క్వార్టర్ ఫైనల్' అన్న వరుస ఎనిమిది మంది ఆడిన క్లబ్బు పోటీలో బంగారు పతకం కన్నా బరువుగా ఉంటుంది, దాన్ని చదివే మనిషికి ఆ తేడా తెలుసు. ఈతకైతే టైమింగుతో పాటు అది 50 మీటర్ల కొలనులో వచ్చిందా, 25 మీటర్ల కొలనులో వచ్చిందా అన్నది తప్పక చెప్పాలి. చిన్న కొలనులో మలుపులు ఎక్కువ, ప్రతి మలుపు దగ్గరా గోడను తన్ని ముందుకు దూసుకెళ్తారు కాబట్టి టైము తగ్గుతుంది. అది రాయకుండా దాచినట్టు అనిపిస్తే నమ్మకం పోతుంది. పరుగుకైతే చేతి వాచీతో తీసిన టైమా, ఎలక్ట్రానిక్ టైమా అన్నది రాయండి. పది వరుసలూ నింపి తీరాలన్న నియమం లేదు. గట్టివి నాలుగుంటే నాలుగే రాయండి.

ఒక సంగతి ముందే గుర్తుంచుకోవాలి. నేషనల్ స్కూల్ గేమ్స్‌లో కొన్ని ఆటలు ఏడాది మొదట్లో, మరికొన్ని జులై తర్వాత జరుగుతాయి. రెండో రకం ఆటల్లో ప్రైమరీ 6 ఫలితం దరఖాస్తు గడువు దాటాక వస్తుంది. అలాంటి ఆటలకు ప్రైమరీ 5 నాటి ప్రదర్శనే ఆధారం. ప్రైమరీ 6 వచ్చాక చూద్దాంలే అనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పిలుపు వచ్చినవాళ్లకు ట్రయల్స్ ఎక్కువగా జులై, ఆగస్టుల్లో ఉంటాయి. ఇది ఈ ఏర్పాటులో నాకు ఒంటబట్టని భాగం. ఆగస్టులోనే పీఎస్ఎల్‌ఈ మౌఖిక పరీక్ష, చాలా స్కూళ్లలో ప్రిలిమ్స్ (అసలు పరీక్షకు ముందు స్కూలు పెట్టే నమూనా పరీక్షలు) కూడా అప్పుడే. మూడు స్కూళ్లూ పిలిస్తే, కొన్ని రెండో విడత కూడా పెడితే, పిల్లకు ఆ రెండు నెలలూ ఊపిరాడదు. మూడు ఎంపికలూ వాడి తీరాలన్న పట్టుదల వద్దనడానికి ఇదొక కారణం.

ట్రయల్‌లో ఏం చూస్తారు? బ్యాడ్మింటన్ తీసుకుందాం. మామూలుగా వార్మప్, కొంచెం షటిల్ రన్ లాంటి ఫిట్‌నెస్ పరీక్ష, తర్వాత కోచ్ నెట్ అవతల నిలబడి షటిల్ మీద షటిల్ నాలుగు మూలలకూ వేస్తారు. తల్లిదండ్రులు గ్యాలరీ నుంచి స్మాష్ గట్టిగా పడిందా లేదా అని చూస్తుంటారు. కోచ్ కళ్లు మాత్రం పాదాల మీద ఉంటాయి. బ్యాక్‌హ్యాండ్ వెనక మూలకు షటిల్ పడ్డప్పుడు పిల్ల ఒళ్లు తిప్పి తల మీదుగా కొట్టగలిగిందా, లేక చెయ్యి మాత్రం చాచి అందుకుందా? కొట్టాక మధ్యకు తిరిగొచ్చిందా, కొట్టిన చోటే నిలబడి చూసిందా? పదిహేనో షటిల్ దగ్గర అడుగుల వరస చెదిరిందా? ఆ తర్వాత సగం కోర్టు మ్యాచ్‌లు. ఓడిన పాయింటు తర్వాత పిల్ల ఎలా ఉంది, చెప్పిన సవరణను మరుసటి పాయింట్లో ప్రయత్నించిందా అన్నది కూడా గమనిస్తారు. ఫుట్‌బాల్, హాకీ లాంటి టీమ్ ఆటల్లో స్థానం పెద్ద విషయం. ఆ ఏడు పై తరగతుల గోల్‌కీపరు వెళ్లిపోతుంటే సగటు గోల్‌కీపరుకు కూడా మంచి స్ట్రైకర్ కన్నా ఎక్కువ అవకాశం ఉంటుంది. ఇది స్కూళ్లు నోటీసులో రాయవు, ఓపెన్ హౌస్ రోజున కోచ్‌నో సీసీఏ టీచర్‌నో సూటిగా అడిగితే చెబుతారు. వెళ్లి అడగండి.

వయసు తేడాను కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఇక్కడ తరగతి లెక్క జనవరి నుంచి డిసెంబరుకు. పన్నెండేళ్ల దగ్గర జనవరి పిల్లకూ డిసెంబరు పిల్లకూ ఎత్తులో, బలంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందుగా ఎదిగిన పిల్లలు ఇప్పుడు గెలిచి, సెకండరీ 3 కల్లా అందరితో సమానమైపోవడం మామూలే. అనుభవమున్న కోచ్ దీన్ని పట్టించుకుంటారు, అందరూ పట్టించుకోరు. ఏడాది చివర పుట్టిన పిల్ల ట్రయల్‌లో నిలవలేదంటే ప్రతిభ లేదని అనుకోవద్దు.

మన తెలంగాణలోని హకీంపేట క్రీడా పాఠశాలతో దీన్ని పోల్చేవాళ్లున్నారు. రెండూ వేరు. హకీంపేటలో నాలుగో తరగతికి పరుగు, స్టాండింగ్ బ్రాడ్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షలతో ముడి శక్తిని కొలిచి, ఏ ఆటకు సరిపోతారో తర్వాత చూస్తారు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. డీఎస్ఏలో ఆట ముందే తేలిపోవాలి. సింగపూర్‌లో దానికి కాస్త దగ్గరగా ఉండేది వుడ్‌లాండ్స్‌లోని సింగపూర్ స్పోర్ట్స్ స్కూలు. అదీ 2004లోనే తెరిచారు, హాస్టలుంది, శిక్షణకు తగ్గట్టు చదువు వేళలు సర్దుతారు. దానికి దరఖాస్తు నేరుగా ఆ స్కూలుకే పెట్టుకోవాలి. దేశం తరఫున ఆడాలన్న పట్టుదల ఉన్న పిల్లకు మామూలు స్కూలు డీఎస్ఏ కన్నా అదే మేలని మా అభిప్రాయం.

సెప్టెంబరు తొలి పక్షం కల్లా స్కూళ్లు జవాబు చెబుతాయి: కన్ఫర్మ్డ్ ఆఫర్, వెయిటింగ్ లిస్ట్, లేదా కుదరలేదు. ఇక్కడితో పని అయిపోయిందనుకుని మిఠాయి పంచేస్తారు. కాలేదు. అక్టోబరు చివర మళ్లీ పోర్టల్‌కి వెళ్లి స్కూళ్ల వరుస క్రమం ఇవ్వాలి. ఒకే ఒక్క ఆఫర్ ఉన్నా సరే ఇవ్వాలి. ఇవ్వకపోతే వద్దన్నట్టే లెక్క, చేతికొచ్చిన సీటు పోతుంది. పరీక్షలు ముగిసి ఊరికి ప్రయాణాల సందడిలో ఉండే రోజులవి. క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఫలితం నవంబరు చివర పీఎస్ఎల్‌ఈ మార్కులతో పాటే వస్తుంది.

ఆఫర్ ఉన్నా పీఎస్ఎల్‌ఈ స్కోరు ఆ స్కూలు తీసుకునే పోస్టింగ్ గ్రూపులో (స్కోరును బట్టి పిల్లల్ని వేసే మూడు గుంపుల్లో ఒకటి) పడాలి. నాలుగు సబ్జెక్టుల ఏఎల్ (అచీవ్‌మెంట్ లెవెల్, ఎంత తక్కువైతే అంత మేలు) మొత్తం 4 నుంచి 20 దాకా అయితే గ్రూప్ 3, 21, 22 అయితే గ్రూప్ 2 గానీ 3 గానీ, 23, 24 అయితే గ్రూప్ 2. గ్రూప్ 3 వాళ్లనే తీసుకునే స్కూలు ఆఫర్ ఇచ్చినా స్కోరు 23 వస్తే ఆ ఆఫర్ నిలవదు. అసలు ఆలోచించాల్సింది దీని రెండో వైపు. మామూలుగా 8, 9 స్కోరు దగ్గరే సీట్లు ఆగిపోయే స్కూలుకు డీఎస్ఏతో 17 వచ్చిన పిల్ల కూడా వెళ్లొచ్చు. వారానికి మూడు సాయంత్రాలు శిక్షణ, ఏడు గంటలకు ఇంటికి రాక, పక్కన కూర్చున్నవాళ్లంతా లెక్కల్లో రెండడుగులు ముందు. ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ ప్రోగ్రామ్ అయితే ఇంకా కష్టం, మధ్యలో సెకండరీ చివరి జాతీయ పరీక్ష ఉండదు కాబట్టి ఎక్కడ వెనకబడ్డారో ఆలస్యంగా తెలుస్తుంది. పిల్లకు మామూలుగా వచ్చే స్కోరుకూ ఆ స్కూలు కటాఫ్‌కూ మధ్య మూడు, నాలుగు పాయింట్లకు మించి తేడా ఉంటే, చదువులో వెనకబడ్డ డీఎస్ఏ పిల్లలకు ఏం సాయం చేస్తారో ఆ స్కూలును అడిగి, జవాబు నచ్చితేనే పెట్టండి. 2018 నుంచి డీఎస్ఏలో సాధారణ చదువు పరీక్షలు తీసేశారు. అది ఆటగాళ్లకు న్యాయమే, కానీ పిల్లను చదువు వైపు నుంచి తూచే పని దాంతో తల్లిదండ్రుల మీదే పడింది.

సీటు దక్కాక వెనక్కి పోవడం లేదు. మిగతా పిల్లల్లా డిసెంబరు పోస్టింగ్‌లో (స్కోరును బట్టి సీట్ల కేటాయింపు) స్కూళ్లు ఎంచుకోవడానికి వీల్లేదు, తర్వాత మరో స్కూలుకు మారడమూ కుదరదు. ఆ ఆటలో చివరిదాకా ఉంటామన్న ఒప్పందం మీదే చేర్చుకుంటారు. మోకాలి గాయమో, ఆట మీద విసుగో వస్తే స్కూలుతో మాట్లాడి సర్దుబాటు చేసుకోవాలి. అందుకే ఫారం నింపే ముందు పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి, పతకాల మాట ఎత్తకుండా, ఇంకో నాలుగేళ్లు ఇదే ఆడాలనుందా అని అడగండి. తడబడితే ఆగండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడ తెలుగు మాతృభాష సబ్జెక్టుగా లేదు, మన పిల్లలు ఎక్కువగా హిందీ గానీ తమిళం గానీ చదువుతారు. హిందీ చాలామందికి వారాంతపు సెంటర్లలో నడుస్తుంది. క్లబ్బు శిక్షణ, టోర్నమెంట్లూ అప్పుడే. ఆట కోసం హిందీ తరగతులు వరసగా మానేస్తే ఆ దెబ్బ నేరుగా ఏఎల్ స్కోరు మీద పడుతుంది, అది నాలుగింట ఒక సబ్జెక్టు. సెంటరులో వేరే బ్యాచ్ దొరుకుతుందేమో ప్రైమరీ 5 మొదట్లోనే కనుక్కోండి. సెకండరీలోనూ ఇదే తంతు కాబట్టి కొత్త స్కూలు శిక్షణ వేళలు హిందీ వేళలతో తగువు పడతాయేమో చూడండి. పీఆర్ (శాశ్వత నివాస హోదా ఉన్న) కుటుంబాలు, ఫీజు సొంతంగా నిర్ణయించుకునే ఇండిపెండెంట్ స్కూళ్ల నెల ఫీజు ఎంతో కూడా ముందే చూసుకోవాలి, ప్రభుత్వ స్కూలుతో పోలిస్తే తేడా చిన్నది కాదు.

డీఎస్ఏ ఇంటర్వ్యూ శిక్షణ పేరుతో డబ్బు గుంజే కేంద్రాలు పుట్టుకొచ్చాయి. ఆట విషయంలో వాటి జోలికి పోవద్దు. అప్పజెప్పిన జవాబులు టీచర్లకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతాయి. ఎందుకు ఈ ఆట, కిందటి మ్యాచ్ ఎందుకు ఓడావు, ఇప్పుడు ఏం మెరుగుపరుచుకుంటున్నావు అన్న మూడు ప్రశ్నలకు పిల్ల తన మాటల్లో చెప్పగలిగితే చాలు. ఆ డబ్బుతో రెండు టోర్నమెంట్లు ఎక్కువ ఆడించండి.

ఆఫర్ రాకపోతే ఆ ఆట దారి మూసుకుపోయినట్టు కాదు. వచ్చిన పీఎస్ఎల్‌ఈ స్కోరుతో డిసెంబరు పోస్టింగ్‌లో ఆరు స్కూళ్లు రాసుకోవచ్చు. వాటిలో ఆ ఆట టీము ఉన్నవి రెండు మూడు ఉండేలా చూసుకోండి. చాలా స్కూళ్లు జనవరిలో కొత్త పిల్లలకు సీసీఏ ట్రయల్స్ పెడతాయి, డీఎస్ఏ ద్వారా రాని వాళ్లు కూడా అక్కడ టీములోకి వెళ్తారు. నవంబరు, డిసెంబరు సెలవుల్లో పిల్ల ఆట ఆపకుండా ఉంటే ఆ ట్రయల్‌కి ఊపుతో వెళ్తుంది.