హన్మకొండలో స్మృతి సంచిక అచ్చు వేయించిన అనుభవం

మా తెలుగు మాస్టారి సంవత్సరీకానికి 48 పేజీల స్మృతి సంచిక తెచ్చే బాధ్యతను పూర్వ విద్యార్థులందరూ నాకు అప్పగించడంతో, హన్మకొండ చౌరస్తా సమీపంలోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్‌కు వెళ్లాను. కాగితం చూపించమంటే యజమాని తాము ఇంతకుముందు వేసిన ఒక సంచికను నా చేతిలో పెట్టారు. ఆ కుటుంబం అనుమతితోనే దానిని నమూనాగా ఉంచుకున్నామని చెప్పకపోతే తెరవడానికి నాకు మనసొప్పేది కాదు.

అది 26 ఏళ్లకే చనిపోయిన ఒక మోటరు వైండింగ్ మెకానిక్ (కాలిపోయిన మోటర్లకు మళ్లీ తీగ చుట్టి బాగుచేసేవాడు) సంచిక. అతనెవరో, ఏ ఊరివాడో నాకు తెలియదు. అయినా కాగితం మందం చూద్దామని పట్టుకున్నవాడిని, నిలబడే సగం పుస్తకం చదివాను. మరణవార్త తెలిసిన నాడు రైతులు, స్నేహితులు ఫోన్లలో పెట్టిన సందేశాలనే అందులో వరుసగా అచ్చు వేశారు. వోల్టేజి తగ్గినప్పుడు మోటరు ఎక్కువ కరెంటు లాగి కాలిపోవడం మా ప్రాంతంలో బోరు ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన నష్టమే. "నడపకు అన్నా ఇనకుంట మూడుసార్లు కాలబెట్టిన. మూడుసార్లు తిట్టిండు, మూడుసార్లు చేసిండు. పైసలు పంట అమ్మినంక ఇయ్యమన్నడు. పంట అమ్మిన తమ్మీ, ఇప్పుడు ఎవలికియ్యాలె?" అని ఒక రైతు రాసిన చోట నాకు గొంతు పూడుకుపోయింది, పేజీ తిప్పలేకపోయాను.

ఆ మాటలు అలాగే మిగలడమే ఈ ప్రెస్ గొప్పతనం. ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చిన తెలుగు సందేశాలను కూర్చుని తెలుగు లిపిలో టైపు చేశారే తప్ప, యాసను దిద్ది వ్యాకరణంలో పెట్టలేదు. మాస్టారి మీద నేను వేరే ప్రెస్‌లో వేయించిన ఒక కరపత్రంలో "వచ్చిండు"లన్నీ "వచ్చారు"లైపోయాయి. ఫోన్లలో వాడే యూనికోడ్‌లో వచ్చిన సందేశాలను, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోవడం మామూలే కాబట్టి ఇక్కడ ప్రూఫును మూడుసార్లు చదివిస్తారు; మా సంచికలో రెండే తప్పులు మిగిలాయి.

లోపాలు లేకపోలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఆర్ట్ పేపరు మీద కూడా మసకగానే పడ్డాయి; అసలు ఫైళ్లు తెమ్మని ముందే హెచ్చరించవలసింది. తొమ్మిది రోజులన్న పని పదమూడు రోజులు పట్టింది. బేరానికి తావు లేదు. కుట్టు బైండింగు మాత్రం గట్టిది.

ఆ నమూనా చదివి ఇంటికి వచ్చాక, నా ముందుమాటలోని "సౌజన్యమూర్తి", "విద్యాప్రదాత" వంటి మాటలన్నీ కొట్టివేసి, వానలో తడిసిన మా నోటు పుస్తకాలను మాస్టారు తన బల్ల మీద పరిచి ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టిన సంగతి రాసి పంపాను. అచ్చుకు ప్లేట్లు తయారు చేయకముందే వచ్చిన మార్పని ప్రెస్ వారు అదనంగా ఏమీ తీసుకోలేదు.